2012 ఇన్నోవా చూశాం, ఆయిల్ మూత తీస్తే పొగ ఊదుతోంది. ఇంజన్ పోయినట్టేనా?

ఏలూరు_కుర్రోడు:

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఏమీ అనుకోకండి. ఇంట్లో ఏడుగురం, తిరుపతికో శ్రీశైలానికో బయల్దేరిన ప్రతిసారీ బండి అద్దెకు మాట్లాడుకోవడం, డ్రైవరు కోసం ఎదురుచూడటం, ఇదంతా నాన్నకి విసుగొచ్చి సొంతంగా ఒక సెకండ్ హ్యాండ్ ఇన్నోవా కొనేద్దాం అన్నారు. మొన్న ఆదివారం విజయవాడలో ఒకటి చూశాం. 2012 మోడల్, 2.5 లీటర్ల డీజిల్, ఓన్ బోర్డు, ఇప్పుడున్నాయన రెండో ఓనరు, మీటరు మీద 1,68,000 కిలోమీటర్లు. ఆర్‌సీ 2027 దాకా ఉంది. రేటు 6 లక్షల 20 వేలు చెబుతున్నారు.

మేం వెళ్లేసరికే బండి స్టార్ట్ చేసి, ఏసీ వేసి, లోపలంతా చల్లగా ఉంచారు. అబ్బ ఎంత మర్యాదో అనుకున్నా. బానెట్ ఎత్తితే ఇంజన్ కొత్త స్టీలు గిన్నెలా తళతళలాడుతోంది. నాతో వచ్చిన ఫ్రెండ్‌కి బండ్ల గురించి కాస్త తెలుసు, ఇంజన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత తీశాడు. లోపలి నుంచి సన్నగా పొగ, గుప్పు గుప్పుమని ఎవరో ఊదుతున్నట్టు. మూత తిరగేసి ఆ కన్నం మీద పెడితే గజగజలాడి పక్కకు పడిపోయింది. మావాడు నన్ను పక్కకి లాగి "బ్యాక్ కంప్రెషన్ రా, ఇంజన్ బోరుకొచ్చేసింది, పద పోదాం" అన్నాడు. ఓనరేమో నవ్వేసి "డీజిల్ బండికి ఆ మాత్రం ఉంటది తమ్ముడూ, దీని ఇంజన్ ఇంతవరకు విప్పనే లేదు" అన్నాడు. నడిపి చూస్తే బానే లాగింది, సైలెన్సర్ పొగ కూడా పెద్దగా కనపడలేదు.

నాన్నకి బండి తెగ నచ్చేసింది. ఇంజన్ విప్పకుండా లోపల ఎంత అరిగిందో తెలుసుకునే దారి ఏదైనా ఉందా? వీళ్లిద్దర్లో ఎవరి మాట నమ్మాలి?

పాతబండ్ల_పిచ్చోడు:

వద్దు బ్రో. మూత దగ్గర పొగ వస్తే నేనైతే అక్కడే దండం పెట్టి వచ్చేస్తా. ఇన్నోవాలకి కరువా.

ఆటోనగర్_మేస్త్రి:

తమ్ముడూ, మీ ఫ్రెండూ ఆ ఓనరూ ఇద్దరూ చెరి సగం నిజం చెప్పారు. ఎంత కొత్త ఇంజన్‌కైనా పిస్టన్ చుట్టూ ఉండే రింగుల పక్క నుంచి కాస్త గ్యాస్ కిందికి దిగుతుంది, అది బ్రీదర్ పైపు గుండా మళ్లీ ఇంజన్ గాలి పీల్చే వైపు వెళ్లిపోతుంది. పిస్టన్ ఆడే బోరు అరిగి రింగులు పట్టు తప్పితే ఆ దిగే గ్యాస్ ఎక్కువై ఆయిల్ మూత దగ్గరా, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ పైపు దగ్గరా బయటికి తన్నుతుంది, దాన్నే మేం బ్యాక్ కంప్రెషన్ అంటాం. మూత గజగజలాడిందంటే దాన్నేం పెద్ద లెక్క చెయ్యక్కర్లేదు, దాని కిందే వాల్వుల్ని ఆడించే క్యామ్ షాఫ్టు తిరుగుతుంటుంది కాబట్టి మంచి ఇంజన్లలో కూడా ఊగుతుంది. కన్నానికి కాస్త ఎత్తులో అరచెయ్యి అడ్డం పెట్టి, ఇంకొకరితో యాక్సిలరేటర్ తొక్కించి మెల్లగా రేజ్ చేయించు. ఐడిల్‌లో గుప్పుమని, రేజ్ చేయగానే తగ్గిపోతే అంత భయం లేదు. రేజ్‌తో పాటే పెరుగుతూ, కుక్కర్ ఆవిరిలా ఆగకుండా చేతిని తోస్తుంటే మాత్రం లోపల కథ ఉన్నట్టే. బ్రీదర్ పైపు మట్టితో, జిడ్డుతో మూసుకుపోయినా అచ్చం ఇలాగే కనపడుతుంది, కాబట్టి ముందు ఆ పైపు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తోందో చూసి ఆ తర్వాత మాట్లాడాలి.

నీ పోస్టులో నాకు అసలు అనుమానం వచ్చింది ఆ ఏసీ దగ్గర. మీరు రాకముందే స్టార్ట్ చేసి ఎందుకు ఉంచాడు? ఇంజన్ వేడెక్కాక పిస్టన్ వ్యాకోచించి సందు తగ్గుతుంది, పొద్దున్నే వచ్చే పొగా చప్పుడూ సగానికి సగం పోతాయి. మళ్లీ వెళ్లు, పొద్దున ఆరున్నరకల్లా వెళ్లు, స్టార్ట్ చేయొద్దని ముందురోజే చెప్పు. వెళ్లగానే రేడియేటర్ పైపు మీద, ఇంజన్ మీద చెయ్యి వేసి చూడు. గోరువెచ్చగా ఉంటే టీ తాగేసి వెనక్కి వచ్చెయ్, ఆ రోజు చూసి లాభం లేదు.

చల్లగా ఉంటే తాళం సగం తిప్పి ఆగు. ఆయిల్ లైటు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే ఎవడో వైరు పీకేసి ఉండొచ్చు. టి-బెల్ట్ లైటు కూడా ఒక కంట చూసుకో, ఈ ఇంజన్‌కి టైమింగ్ చైన్ కాదు, బెల్టు. అది తెగితే వాల్వులు పోయి పిస్టన్లకి తగుల్తాయి, అప్పుడిక రింగుల గురించి మాట్లాడుకోవక్కర్లేదు. బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు అడుగు, నోటి మాట వద్దు. తర్వాత సెల్ఫ్ కొట్టు. మన ఊళ్ల చలికి బాగున్న డీజిల్ ఇంజన్ వెంటనే అందుకోవాలి. రెండు మూడు సార్లు కొడితే గానీ అందుకోలేదంటే బ్యాటరీ, చల్లటి ఇంజన్‌ని వేడిచేసే హీటర్ ప్లగ్గులు, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు, కంప్రెషన్, వీటిలో ఏదో ఒకటి.

అదే టైములో ఇంకొకళ్లు వెనకాల సైలెన్సర్ దగ్గర నిలబడాలి. తెల్ల పొగ వచ్చి కళ్లు మండుతూ పచ్చి డీజిల్ వాసన కొడితే డీజిల్ సరిగ్గా మండట్లేదు, అది ఇంజెక్టరూ కావచ్చు, కంప్రెషన్ తక్కువా కావచ్చు. కాస్త నీలంగా, కాలిన నూనె వాసనతో వస్తే ఆయిల్ తాగుతోంది. ఆ నీలం పొగలోనూ తేడాలున్నాయి, ఐడిల్‌లో అయిదు నిమిషాలు వదిలేసి ఒక్కసారి రేజ్ చేస్తే గుప్పున ఒక మబ్బు వచ్చి ఆగిపోతే అది ఎక్కువగా వాల్వ్ సీళ్లు, చిన్న పని. లోడ్ మీద లాగుతున్నంతసేపూ వెనకాల నీలంగానే ఉంటే రింగులు, లేదా టర్బో సీలు. నల్ల పొగంటే ముందు ఎయిర్ ఫిల్టరూ ఇంజెక్టర్లూ చూసుకోవాలి, దానికి బోరుని అనొద్దు. తెల్లగా వచ్చి వేడెక్కినా ఆగకపోతే, రేడియేటర్ నీళ్లు తగ్గుతుంటే, ఆ నీళ్లు సిలిండర్‌లోకి రాకుండా ఆపే హెడ్ గాస్కెట్ పోయినట్టు.

బేరింగుల సంగతి వేరు. డీజిల్‌కి ఎలాగూ చప్పుడుంటుంది కాబట్టి చాలామంది అందులో తేడా పట్టుకోలేరు. రేజ్ చేసి వదిలేటప్పుడు విను. పైనుంచి వచ్చే కటకట కాదు, కింద ఆయిల్ నిలిచే ఛాంబర్ వైపు నుంచి మొద్దుగా, చెక్క మీద సుత్తితో కొట్టినట్టు దబ్ దబ్ అని వస్తే కనెక్టింగ్ రాడ్ బేరింగులు. ఇంకో చిన్న పని చెయ్యి, దీన్ని ఎవడూ చెయ్యడు. ఇంజన్ ఆపి ఒకళ్లు క్లచ్ తొక్కి వదులుతుంటే నువ్వు ముందు వైపు క్రాంక్ పుల్లీని చూడు. అది కంటికి తెలిసేలా ముందుకీ వెనక్కీ కదిలితే క్రాంక్‌ని అలా జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్ అరిగిపోయింది. ఆ బండి జోలికి పోవద్దు.

చివరికి రోడ్డు మీద. ఖాళీ రోడ్డులో ఒక్కడివే నడిపితే ఏ బండైనా లాగుతుంది. నలుగురు ఎక్కండి, ఏసీ వేసి, బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మూడో గేరులో 30 స్పీడు నుంచి పూర్తిగా తొక్కి ఎలా లాగుతుందో చూడు.

పెర్త్_తెలుగోడు:

మేస్త్రి గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతా. ఆ 2.5 ఇంజన్ పేరు టూ కే డీ, దాని అన్న 3.0 వన్ కే డీ, మా ఆస్ట్రేలియాలో టొయోటా ప్రాడోల్లోనూ హైలక్సుల్లోనూ ఉండేది అదే. ఇక్కడ ఆ 3.0 పాత బండి కొనే ప్రతివాడూ ముందు అడిగేది ఇంజెక్టర్ సీటు వాషర్ల గురించి. ఇంజెక్టర్ కింద ఉండే రాగి వాషర్ వదులైతే సిలిండర్‌లో మండే గ్యాస్ నేరుగా పైన, ఆయిల్ మూత ఉండే రాకర్ కవర్‌లోకి తంతుంది. అప్పుడు ఆయిల్ మూత తీస్తే ఏం కనపడుతుంది? అచ్చం రింగులు పోయిన లక్షణమే. రింగులు బంగారంలా ఉండొచ్చు. అయితే ఇది తేలిగ్గా తీసుకునే జబ్బు కూడా కాదు, ఆ మసి అంతా ఆయిల్‌లో కలిసి గట్టి కార్బన్ పెళ్లలు కట్టి కింద ఛాంబర్‌లో ఆయిల్ లాగే జాలీకి అడ్డం పడుతుంది, ఆయిల్ అందక బేరింగులు పట్టేస్తాయి. కాబట్టి ఛాంబర్ ప్లేటు దించి ఆ జాలీ చూడనిస్తారేమో అడగండి.

స్కానర్ పెట్టినా పనికొస్తుంది. నాలుగు ఇంజెక్టర్లకీ ఐడిల్‌లో ఫీడ్‌బ్యాక్ అంకెలు (ఒక్కోదానికి కంప్యూటర్ డీజిల్ ఎంత పెంచి తగ్గించి సర్దుతోందో) చూపిస్తుంది, ప్లస్ మైనస్ 3 లోపల ఉంటే ఫర్వాలేదని ఇక్కడి మెకానిక్కుల లెక్క. ఒక సిలిండర్ అంకె మాత్రం మిగతావాటికి దూరంగా ఉంటే అది ఇంజెక్టర్ తప్పా లేక ఆ సిలిండర్ బలహీనమా అన్నది కంప్రెషన్ గేజ్ తేలుస్తుంది.

ఎయిర్ ఫిల్టర్ తర్వాత వచ్చే పైపు ఊడదీసి లోపల వేలు పెట్టి రాసి చూడండి. పల్చగా ఆయిల్ జిడ్డు మామూలే, వేలికి మట్టి అంటితే మాత్రం ఆ ఇంజన్ దుమ్ము తింటోంది. రింగుల్నీ బోరునీ దుమ్ము అరగదీసినంత తొందరగా ఏదీ అరగదీయదు.

గోదారి_గట్టు:

నా ఏడుపు కూడా వినండి. ఆరేళ్ల కిందట ఒక ఎనిమిది సీట్ల డీజిల్ వ్యాను కొన్నా, కంపెనీ పేరెందుకులే. చప్పుడు లేదు, పొగ లేదు, నాతో వచ్చిన మెకానిక్ కూడా ఇంజన్ మేలిమి బంగారం అన్నాడు. నాలుగు వందల కిలోమీటర్లు తిరిగి ఆయిల్ మార్చాను చూడండి, మర్నాటి నుంచి దోమల మందు కొట్టే బండిలా పొగ. అమ్మినవాడు చిక్కటి ఆయిల్ పోసి, పైన పొగ తగ్గించే మందు డబ్బా కలిపాడట. నేను మామూలు ఆయిల్ పోసేసరికి ముసుగు పోయింది. ఇంజన్ దించి బోరు చేయించి, పిస్టన్లు, రింగులు, బేరింగులు, లేత్ పని, అన్నీ కలిపి లక్షా ముప్ఫై దాకా వదిలింది, నెల రోజులు బండి షెడ్డులోనే.

అందుకే చెబుతున్నా, డిప్‌స్టిక్ తీసి వేళ్ల మధ్య రాసి చూడు. డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది, అది తప్పు కాదు. అమ్మకానికి పెట్టిన బండిలో తేనె రంగులో ఉందంటేనే ఎందుకు ఇప్పుడే మార్చావయ్యా అని అడగాలి. మూత లోపలి వైపు పాల మీగడలాంటిది కనపడితే ఆయిల్‌లో నీళ్లు కలిసినట్టు. ఆయిల్ మట్టం ఫుల్ గీత దాటి పైకి ఉంటే డీజిల్ దిగుతోందేమో వాసన చూడు.

మేస్త్రి గారూ, మీరు అంత రాశారు గానీ ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్ట్ మాట ఎత్తలేదేం? అది చేయించకుండా ఆరు లక్షలు ఎలా పెడతారండీ.

ఆటోనగర్_మేస్త్రి:

నిజమే సామీ, పెర్త్ ఆయన చెబుతాడులే అని వదిలేశా. డీజిల్‌కి వేరే గేజ్ ఉంటుంది, పెట్రోల్ గేజ్ పెడితే పగిలిపోద్ది. ఇంజన్ వేడి మీద ఉండగా హీటర్ ప్లగ్గులు విప్పి ఆ కన్నాల్లో బిగించి, ఇంజెక్టర్ వైర్లు తీసేసి సెల్ఫ్ మాత్రమే కొట్టాలి. బ్యాటరీ గట్టిగా ఉండాలి, లేకపోతే నాలుగూ తక్కువే చూపిస్తుంది. ఇలాంటి ఇంజన్‌కి 25 బార్ పైన ఉంటే సంతోషం, కానీ నేను అంకె కన్నా నాలుగింటి మధ్య తేడా చూస్తా. నాలుగూ 23 ఉన్న ఇంజన్ని కొనమంటా గానీ మూడు 28 ఉండి ఒకటి 19 ఉంటే ఆలోచించమంటా. పెట్రోల్ ఇంజన్లో అయితే తక్కువున్న సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూస్తాం, పెరిగితే రింగులు, పెరక్కపోతే వాల్వులు. డీజిల్‌లో ఆ పని ఎవడు చెప్పినా చేయించకు, పిస్టన్ పైన ఖాళీ చాలా తక్కువ, ఆయిల్ ఎక్కువైతే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. దానికి బదులు పిస్టన్ పైకి తెచ్చి కంప్రెసర్ గాలి పెట్టి ఎక్కడ బుస్సుమంటుందో వింటాం. ఆయిల్ మూత దగ్గర అయితే రింగులు, సైలెన్సర్లో అయితే ఎగ్జాస్ట్ వాల్వు, రేడియేటర్లో బుడగలొస్తే గాస్కెట్. అరపూట పని.

ఏలూరు_కుర్రోడు:

పది రోజుల తర్వాత మళ్లీ వచ్చా. ముందుగా మేస్త్రి గారికి, అందరికీ థాంక్స్.

మొదటి రోజు పొద్దున ఆరు ముప్పావుకి వెళ్తే రేడియేటర్ పైపు వేడిగానే ఉంది. "పాలకి వెళ్లొచ్చా" అన్నాడు. ఇన్నోవాలో పాలకి. టీ తాగి వెనక్కి వచ్చేశాం. మూడు రోజులాగి మళ్లీ వెళ్లాం, ఈసారి చల్లగా ఉంది. మూడోసారి గానీ సెల్ఫ్ అందుకోలేదు, వెనకాల తెల్లగా, కాస్త నీలంగా పొగ ఒకటిన్నర నిమిషం ఆగలేదు, పక్కింటాయన కిటికీ మూసేసుకున్నాడు. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ తేనె రంగే, పట్టుకుంటే ఆముదంలా ఉంది. గోదారి గట్టు గారు గుర్తొచ్చారు.

బ్రీదర్ పైపు చూడమన్నారు కదా, అది గాలి పైపుకి తగిలించే లేదు. ఊడదీసి, కిందికి ఛాసిస్ వైపు దోపి ఉంది, దాని కింద నేల మీద ఆయిల్ చుక్కలు. పొగ బయటికి కనపడకపోవడానికి కారణం అదేనేమో.

ఇక నాన్న కూడా కాస్త తగ్గారు. మీ ఆటోనగర్లోనే ఒక షెడ్డులో టెస్ట్ చేయిస్తాం, ఖర్చు మాదే అంటే ఓనరు గంటసేపు సణిగి ఒప్పుకున్నాడు. రెండున్నర వేలు తీసుకున్నారు. వరసగా 27, 26, 19, 26. మూడో దానిలో గాలి పెడితే ఆయిల్ మూత దగ్గర బుస్సుమంటోంది, ఇంజెక్టర్ల చుట్టూ నల్లగా ఏమీ లేదు, వాషర్లు కూడా బానే ఉన్నాయన్నారు. అంటే ఆ ఒక్క సిలిండర్లో రింగు విరిగైనా ఉండాలి, గాడిలో పట్టేసైనా ఉండాలి అని వాళ్ల మాట.

ఇదంతా ఒక ఎత్తు. షెడ్డులో పని అవుతుండగా నేను ఊరికే కూర్చోలేక డాష్‌బోర్డు డబ్బాలో బండి పుస్తకం తీసి తిరగేస్తుంటే దాని మధ్యలో ఒక పాత సర్వీస్ బిల్లు దొరికింది. 2019 నాటిది. దాని మీద కిలోమీటర్లు 2,31,400. ఇప్పుడు మీటరు మీద 1,68,000! ఓనరుకి చూపిస్తే ముందు "ఆ బిల్లు వేరే బండిది" అన్నాడు, దాని మీద ఇదే నంబరు ఉందంటే "నేను కొన్నప్పటికే ఇలా ఉంది" అన్నాడు. తర్వాత రేటు 5 లక్షల 10 వేలకి దిగాడు. నాన్న ఊగిసలాడుతున్నారు, హాఫ్ ఇంజన్ (పిస్టన్లు, రింగుల వరకు పని) చేయించుకున్నా గిట్టుబాటే కదా అంటున్నారు. ఏం చెప్పమంటారు?

ఆటోనగర్_మేస్త్రి:

నాన్నగారి లెక్క కాగితం మీద తప్పేం కాదు. కానీ హాఫ్ ఇంజన్ అని దించాక బోరు కొలిస్తే మిగతా మూడూ ఎంత అరిగాయో అప్పుడు తెలుస్తుంది. బోరు పై భాగంలో, రింగు తిరిగి కిందికి మళ్లే చోట ఎక్కువ అరుగుతుంది, అది బయటి నుంచి ఎవరూ చెప్పలేరు. హెడ్ ఎత్తాక టర్బో, ఇంజెక్టర్లు, బెల్టు, వాటర్ పంపు, క్లచ్ ప్లేటు, ఎలాగూ విప్పాం కదా అని ఒక్కొక్కటీ తోడవుతాయి. మూడు లక్షల కిలోమీటర్ల పైన తిరిగిన బండి అనుకుని రేటు కట్టు. 4 లక్షలకి ఇస్తే నేనైతే ఆలోచిస్తా, అది కూడా నాకు షెడ్డు ఉంది కాబట్టి. నీకు లేదు.

ఏలూరు_కుర్రోడు:

నాలుగు అంటే ఫోన్ పెట్టేశాడు. నాన్న రెండ్రోజులు ముభావంగా ఉన్నారు గానీ మీ పోస్టు చదివి వినిపించాక "షెడ్డు లేదులే మనకి" అన్నారు. వచ్చే వారం రాజమండ్రిలో 2014 ఒకటి చూడాలి, ఢిల్లీ నుంచి తెచ్చి ఇక్కడ మార్పించిన బండి అట, రేటు తక్కువే ఉంది.

గోదారి_గట్టు:

ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టారని చౌకగా అమ్మేస్తూ వచ్చారు, వాటిలో మంచివీ ఉంటాయి. ఎన్‌ఓసీ (బండి వేరే రాష్ట్రానికి మార్చుకోవచ్చని అక్కడి ఆర్‌టీఓ ఇచ్చే కాగితం), ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టిన రసీదు, రెండూ నీ కళ్లతో చూడు. గేజ్ ఉన్న షెడ్డు రాజమండ్రిలో నేను చూపిస్తా, మెసేజ్ పెట్టు.

పాతబండ్ల_పిచ్చోడు:

మొదటి రోజే వద్దన్నా. సరే గానీ ఆ విజయవాడ బండి నంబరు కాస్త మెసేజ్ చెయ్యి బ్రో, మా బాబాయి నిన్న అక్కడే ఒక 2012 ఇన్నోవా చూసొచ్చాడు, వెళ్లేసరికే ఏసీ వేసి చల్లగా ఉంచారని తెగ మురిసిపోతున్నాడు.

ఏలూరు_కుర్రోడు:

చేశా. బాబాయిని అడ్వాన్స్ ఇవ్వకుండా ఆపు ముందు.